పాతికేళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, వెళ్లిపోతానంటున్న బాబాయి, మధ్యలో కోడలు

ఈసారి ఉత్తరం గుంటూరు నుంచి. పేరు రాయొద్దన్నారు, అరండల్‌పేటలో షాపు అని మాత్రం చెప్పొచ్చన్నారు, ఆ పేటలో డీటీపీ సెంటర్లకి లెక్కేముంది కాబట్టి పర్లేదు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెప్తున్నాను.

మామయ్యగారు 1999లో పెట్టిన షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, గుడి ట్రస్టు వాళ్ల సావనీరు, ఎప్పుడైనా ఒక కవితల పుస్తకం. ఆయనకి చూపు తగ్గింది, భర్తకి బ్యాంకు ఉద్యోగం, అందుకని షాపు ఈవిడ చేతికొచ్చింది. మూడు సిస్టమ్‌లు. ఒకదాంట్లో ఇంకా విండోస్ ఎక్స్‌పీ, అందులో పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను అనే తెలుగు ఫాంట్లు, ఈ రెండూ మామయ్యగారు డబ్బులిచ్చి కొన్నవే, డబ్బాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయట. మిగతా రెండింట్లో ఉన్న, డిజైన్లు వేసే కోరెల్‌డ్రా, ఫోటోషాప్ మాత్రం ఎవరో వచ్చి "వేసిచ్చి" వెళ్లినవి. ఆపరేటర్ని ఈవిడ బాబాయి అనే పిలుస్తారు, షాపు తెరిచిన రోజు నుంచీ ఉన్నాడు, కీబోర్డు వైపు చూడకుండా కొడతాడు.

ఇప్పుడు వరసగా నాలుగు వచ్చిపడ్డాయి. ఎక్స్‌పీ సిస్టమ్ హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది. క్వశ్చన్ పేపర్లిచ్చే స్కూలు వాళ్లు "వర్డ్ ఫైల్ పంపండి, ఫోన్లో చూసి మేమే దిద్దుకుంటాం" అంటే పంపారు, అక్కడ తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చి రాతలు, వచ్చే ఏడాది వేరే చోట చూసుకుంటామన్నారట. ఈవిడ తమ్ముడు విజయవాడలో బీటెక్, సెలవులకొచ్చి "అక్కా ఇదంతా దొంగ సాఫ్ట్‌వేర్, తీసేసి విండోస్ బదులు లైనక్స్ వేద్దాం, అన్నీ ఓపెన్ సోర్స్‌లో ఫ్రీగా ఉన్నాయి" అని ఒక సిస్టమ్‌లో కోరెల్ బదులు ఇంక్‌స్కేప్, పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ వేసి, బాబాయి చేసిన ఒక శుభలేఖ కోరెల్ ఫైలు అందులో తెరిచాడు. అక్షరాలు చెల్లాచెదురు, వినాయకుడి చుట్టూ ఉన్న బోర్డరు మాయం. బాబాయి చూసి "ఇదేనా మీ ఫ్రీ సాఫ్ట్‌వేరు" అని లేచి టీకి వెళ్లిపోయాడు, తర్వాత రోజు వేరే షాపు వాళ్లు పిలుస్తున్నారని మామయ్యగారి చెవిన వేశాడు. మామయ్యగారు "పాతికేళ్లుగా నడుస్తోంది కదమ్మా, మీ పుట్టింటివాళ్లొచ్చి చెప్పాలా" అన్నారు. ఆ మాట దగ్గర ఉత్తరంలో రెండు లైన్లు కొట్టేసి ఉన్నాయి. ఇంకో పక్క ఒక డీలరు మూడు సిస్టమ్‌లకీ లైసెన్సులకి కొటేషన్ ఇచ్చి వెళ్లాడు, అది చూసి ఈవిడకి నిద్ర పట్టలేదు.

అడిగినవి ఇవి: మారాలా వద్దా, మారితే పాత ఫైళ్లు తెరుచుకుంటాయా, ఇంట్లో వాళ్లకి ఎలా చెప్పాలి, చివర్లో చిన్నగా, పాత మేటర్ మార్చి ఇచ్చినందుకు కస్టమర్ దగ్గర డబ్బులు అడగొచ్చా.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో నలుగురూ నాలుగు వేరే వేరే విషయాల మీద గొడవ పడుతున్నారు, అన్నిటికీ కలిపి సాఫ్ట్‌వేర్ అని ఒకే పేరు పెట్టుకున్నారు, అందుకే తెగట్లేదు. తమ్ముడిది దొంగ కాపీల బాధ. బాబాయిది తన చేతి వేగం పోతుందన్న భయం, ఈ వయసులో మళ్లీ అఆలు దిద్దాలా అని. మామయ్యగారిది మాట పట్టింపు. మీకేమో స్కూలు ఆర్డరు పోకూడదు, డిస్కులో ఉన్న పాతికేళ్ల పని పోకూడదు. ఒక్క సాఫ్ట్‌వేర్ మార్చేస్తే ఈ నాలుగూ తీరవు, విడివిడిగా చూడాల్సిందే.

అన్నిటికంటే ముందు ఆ డిస్కు సంగతి చూడండి. ఇది సలహా అనుకోకండి, ఈ సాయంత్రం చెయ్యాల్సిన పని. టిక్కుటిక్కుమనే డిస్కుకి ఎన్ని రోజులుందో ఎవరూ చెప్పలేరు. ఆ సిస్టమ్ మీద ఇంకేం పని చెయ్యకుండా ఆపేసి, డిస్కు విప్పి వేరే సిస్టమ్‌కి తగిలించి, మొత్తం ఫోల్డర్లు రెండు చోట్లకి కాపీ చేయించండి, ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, మామయ్యగారికి కూడా ఇందులో అభ్యంతరం ఏముంటుంది, అదంతా ఆయన కష్టమేగా.

ఇప్పుడు స్కూలు వాళ్లకి పిచ్చి రాతలు ఎందుకు కనపడ్డాయో చూద్దాం, ఎందుకంటే మీ కథలో అసలు ముడి ఇక్కడుంది, మీరు తప్ప ఎవరూ దాని గురించి మాట్లాడట్లేదు. అను లాంటి పాత ఫాంట్లలో ఫైలు లోపల తెలుగు అనేదే ఉండదు. లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఆ ఫాంటు వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు వేసి చూపిస్తుంది, తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే లోపల ఉన్నదే బయటికొస్తుంది. అన్ని భాషల అక్షరాలకీ ప్రపంచమంతా వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్, అందులో అలా కాదు, తెలుగుకి సొంతంగా 128 గళ్లు కేటాయించారు, స్త్రీ అని కొడితే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు వరసగా దాక్కుంటాయి, వాటిని కలిపి అక్షరంగా చూపించే పని ఇప్పటి ఏ ఫోనుకైనా, ఏ కంప్యూటర్‌కైనా వచ్చు. ఫాంటు మారితే అందం మారుతుందేమో గానీ మేటర్ మారదు.

దీన్నిబట్టి తేలేదేంటంటే, డీలరు చెప్పినట్టు లక్షలు పోసి లైసెన్సులు కొన్నా మీ స్కూలు సమస్య అలాగే ఉంటుంది, బాబాయి అందులోనూ అనులోనే కొడతాడు కాబట్టి. తమ్ముడు చెప్పినట్టు లైనక్స్ వేసినా పాత మేటర్ దానంతటది యూనికోడ్ అయిపోదు. ముందు తేల్చుకోవాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ అని కాదు, ఏ ఫైలు దాచుకోవాలి, ఏ ఫైలు కస్టమర్ చేతికివ్వాలి అని. అది తేలితే సాఫ్ట్‌వేర్ సంగతి చాలావరకు దానంతటదే తేలుతుంది.

పాత ఫైళ్ల గురించి నిజం చెప్తాను, తమ్ముడికి కోపమొచ్చినా సరే. కోరెల్ సీడీఆర్ ఫైలు లోపల ఎలా ఉంటుందో ఆ కంపెనీ బయటపెట్టలేదు, బయటివాళ్లు కష్టపడి విప్పి రాసిన లైబ్రరీతో ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్) దాన్ని తెరుస్తాయి. గీతలు, రంగులు చాలావరకు వస్తాయి, పవర్‌క్లిప్పులు (ఒక ఆకారం లోపల బొమ్మని ఇమిడ్చేవి), షాడోలు, టెక్స్ట్ దగ్గర తేడా వస్తుంది. ఆ వినాయకుడి బోర్డరు పవర్‌క్లిప్‌లో ఉండుంటుంది, బాబాయినే అడగండి. అయినా కోరెల్ ఫైలు కోరెల్‌లోనే తెరుచుకోదు ఒక్కోసారి, ఫ్లెక్స్ షాపు వాళ్లు "ఎక్స్3లో సేవ్ చేసి పంపండి" అని, అంటే కోరెల్ పాత వెర్షన్‌లో, రోజూ అడిగేది ఎందుకు మరి, ఇది బాబాయికి మీకంటే బాగా తెలుసు. పేజ్‌మేకర్ సంగతి ఇంకా అధ్వానం. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో అడోబీ చేతికి వచ్చింది, 2001లో వచ్చిన 7 తర్వాత ఇంకో వెర్షన్ లేదు. అంటే మీ సావనీర్లు ఉన్న ఫార్మాట్‌కి సొంత అమ్మానాన్నలు కూడా లేరు ఇప్పుడు. విచిత్రం ఏంటంటే లిబ్రేఆఫీస్ డ్రా, కొత్త స్క్రైబస్ పేజ్‌మేకర్ ఫైళ్లని ఎంతోకొంత తెరుస్తాయి, కానీ అను ఫాంట్లతో చేసిన పేజీ పొందిగ్గా వస్తుందని ఆశ పెట్టుకోకండి.

అందుకని పేజ్‌మేకర్ ఇంకా నడుస్తుండగానే, డిస్కు కాపీలు అయిపోయాక, అందులోంచే పీడీఎఫ్‌లు తీయించండి. ప్రింట్ కొట్టేటప్పుడు పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా (ప్రింటరుకి వెళ్లే రూపంలో) తీసి ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేసుకోవచ్చు, ఫాంట్లు లోపలే ఎంబెడ్ అయ్యాయో లేదో ఒకసారి అను లేని సిస్టమ్‌లో తెరిచి చూస్కోండి. పీడీఎఫ్ 2008 నుంచి ఐఎస్ఓ వాళ్ల అంతర్జాతీయ ప్రమాణం, ఒక కంపెనీ మూతపడితే పోయేది కాదు. పేజీ రూపం ఇందులో భద్రం, మేటర్ మాత్రం కాదు, ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే మళ్లీ ఆ పిచ్చి రాతలే వస్తాయి.

మేటర్ కావాలంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడొచ్చు, కానీ అన్నీ మార్చాలని కూర్చోకండి. 2004లో వేసిన శుభలేఖలు ఎందుకు, ఆ పెళ్లిళ్లకి పుట్టిన పిల్లలు ఈపాటికి ఇంజినీరింగ్‌లో ఉంటారు. క్వశ్చన్ పేపర్లు, ఏటా వచ్చే సావనీరు, మళ్లీ అచ్చు వేస్తారనుకునే పుస్తకాలు, ఇవి చాలు. కన్వర్ట్ చేసినప్పుడు రెండు చోట్ల దెబ్బ పడుతుంది. ఒకటి ఒత్తులు, ముఖ్యంగా ఒకదాని కింద ఒకటి వచ్చే చోట ఇంకో అక్షరానికి అతుక్కుంటాయి. రెండోది తెలుగు మధ్యలో ఇంగ్లీషు, ఫోన్ నంబర్లు, బ్రాకెట్లు, కన్వర్టర్‌కి అది ఇంగ్లీషో అనుయో తెలీదు కాబట్టి డాక్టరుగారి డిగ్రీలు కూడా తెలుగు ముక్కలైపోతాయి. దాతల పేర్లు, గోత్రాలు ఉన్న సావనీరైతే ప్రూఫు మనిషే చదవాలి, తప్పదు, ఇంటిపేరు తప్పు పడితే ఆ దాత ఊరుకుంటాడా.

ఇక కొత్త పనులు. ఇక్కడ అన్నీ ఒకే గాటన కట్టకండి.

క్వశ్చన్ పేపర్లు, లెటర్లు, అప్లికేషన్లు ఇవన్నీ లిబ్రేఆఫీస్ రైటర్‌లోకి వెంటనే తీసుకెళ్లొచ్చు, విండోస్ మీదే నడుస్తుంది, లైనక్స్ అక్కర్లేదు. మీరు దాచుకునేది రైటర్ సొంత ఫార్మాట్ ఓడీటీ, ఇది కూడా ఐఎస్ఓ ప్రమాణమే, 2006 నుంచి. స్కూలుకి ఇచ్చేది డాక్స్, అంటే వర్డ్ ఫైలు. ఐతే డాక్స్‌గా పంపినప్పుడు అవతల అదే ఫాంటు లేకపోతే లైన్లు జరిగి ప్రశ్న ఒక పేజీలో, ఆప్షన్లు ఇంకో పేజీలో పడతాయి. కాబట్టి ఫాంటు పేరు ముందే మాట్లాడుకోండి, లేదా దిద్దుకోడానికి డాక్స్, చూసుకోడానికి పీడీఎఫ్ రెండూ పంపండి. లిబ్రేఆఫీస్‌లో ఇంకో సదుపాయం ఉంది, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ అని ఒక టిక్కు ఉంటుంది, అది పెడితే పీడీఎఫ్ కడుపులోనే ఓడీటీ కూడా కూర్చుంటుంది, అందరికీ పీడీఎఫ్‌లా కనపడుతుంది, మీరు లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే మళ్లీ దిద్దుకోవచ్చు. మీ షాపులో దాచుకోడానికి ఇది భలే పనికొస్తుంది.

బాబాయి మొదటిరోజే విసుక్కునే చోటు ఒకటుంది, ముందే చెప్తున్నా. రైటర్‌లో ఫాంట్ సెట్టింగు ఇంగ్లీషుకి ఒకటి, తెలుగుకి ఒకటి విడిగా ఉంటాయి, తెలుగు సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) అనే గడిలోకి వస్తుంది. క్యారెక్టర్ డైలాగులో వెస్ట్రన్ (ఇంగ్లీషు) గడి మాత్రం మార్చి సైజు 14 పెట్టి "మారట్లేదేంటి" అని తిట్టుకుంటారు అందరూ. ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ ఆన్ చేసి, అక్కడ తెలుగు పెట్టి, స్టైల్స్‌లో సీటీఎల్ ఫాంటు ఒకసారి సరిచేసి టెంప్లేటుగా దాచేస్తే మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు. తమ్ముడికి ఈ పని అప్పజెప్పండి, శుభలేఖలు తెరవడం కంటే ఇది ఉపయోగం.

సావనీర్లు, పుస్తకాలు స్క్రైబస్‌లో చెయ్యొచ్చు, కానీ వెర్షన్ చూస్కోండి. 1.4 వరసలో తెలుగు ఒత్తులు విడిపోయి పడేవి, అది చూసి వదిలేసినవాళ్లు చాలామంది, 1.5.3 నుంచి కుదిరింది, 2024 జనవరిలో 1.6 వచ్చింది, అది లేదా దాని తర్వాతదే వేసుకోండి. పేజ్‌మేకర్ తెలిసిన చేతికి ఫ్రేములు, మాస్టర్ పేజీలు పరాయిగా అనిపించవు, నాకైతే కోరెల్ నుంచి ఇంక్‌స్కేప్‌కి రావడం కంటే పేజ్‌మేకర్ నుంచి స్క్రైబస్‌కి రావడమే తేలిక అనిపిస్తుంది. టేబుల్స్ దగ్గర నీరసం, అండూ ఒక్కోసారి మొరాయిస్తుంది, తరచుగా సేవ్ కొట్టుకోవాలి. ఆఫ్‌సెట్ అచ్చుకి కావాల్సిన సీఎంవైకే (నాలుగు సిరా రంగుల పద్ధతి), బ్లీడు (కత్తిరింపుకి వదిలే అంచు), పీడీఎఫ్/ఎక్స్ (అచ్చుకి పంపే పీడీఎఫ్ రకం) అన్నీ ఉన్నాయి. ఇది సాధ్యమేనా అని బాబాయి అడిగితే కేరళలో జనయుగం అనే మలయాళం దినపత్రిక సంగతి చెప్పండి, వాళ్లదీ పేజ్‌మేకర్, పాత ఫాంట్ల బాపతే, 2019లో మొత్తం స్క్రైబస్, యూనికోడ్, లైనక్స్‌కి మారిపోయారు, రోజూ పేపరు వేస్తున్నవాళ్లు. వాళ్లకి శిక్షణ ఇచ్చేవాళ్లు పక్కన ఉన్నారు, మీకు లేరు, ఆ తేడా కూడా గుర్తుపెట్టుకోండి.

శుభలేఖలు, ఫ్లెక్సీలు మాత్రం కష్టమైన చోటు, ఇక్కడ తొందరపడొద్దు. ఇంక్‌స్కేప్ మంచిదే, దాని ఎస్‌వీజీ ఫార్మాట్ అందరిదీ, కోరెల్ కూడా దాన్ని తీసుకుంటుంది, తెలుగు యూనికోడ్ చక్కగా వస్తుంది. కానీ అది ఆర్‌జీబీలో (తెర మీది మూడు రంగుల పద్ధతిలో) పనిచేస్తుంది. ఫ్లెక్సీకి పెద్ద ఇబ్బంది లేదు, మెరిసే ఆకుపచ్చలు, నీలాలు కాస్త చప్పబడతాయి అంతే. ఆఫ్‌సెట్‌కి పంపితే మాత్రం నల్లక్షరాలు నాలుగు రంగుల కలగలుపు నలుపు అయి కూర్చుంటాయి, ప్లేటు వెంట్రుకవాసి జరిగితే చిన్నక్షరాల చుట్టూ ఎర్రగానో నీలంగానో అంచు కనపడుతుంది, ముహూర్తం టైము చదవలేకపోతే పెళ్లివాళ్లు మీ షాపు ముందుంటారు. దానికి దారి ఉంది, అక్షరాలని పాత్‌గా మార్చి, మీ భాషలో కర్వ్స్ కొట్టి, ఎస్‌వీజీని స్క్రైబస్‌లోకి తెచ్చి రీప్లేస్ కలర్స్‌లో ఆ నలుపుని ఒట్టి నల్ల సిరా, అంటే కే వంద శాతం చేసి పీడీఎఫ్ తియ్యాలి. రెండు సాఫ్ట్‌వేర్లలో తిరగాలన్నమాట. రోజుకి నాలుగు కార్డులు వేసే సీజన్‌లో బాబాయికి ఈ తిరుగుడు నచ్చదు, నచ్చకపోవడంలో తప్పు కూడా లేదు.

ఫాంట్ల విషయంలోనూ నష్టం ఉంది, దాచను. అనులో ఉన్నన్ని డిజైన్ అక్షరాలు ఓపెన్ ఫాంట్లలో లేవు. ఉన్నవి మాత్రం మంచివి, మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, పెద్దన ఇవన్నీ ఓపెన్ లైసెన్సు మీద గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, నోటో సెరిఫ్ తెలుగు పుస్తకాల బాడీకి బావుంటుంది. హింద్ గుంటూరు అని మీ ఊరి పేరు మీదే ఒకటుంది, మామయ్యగారికి చూపించండి, ముఖం కాస్త విప్పారుతుందేమో. "ఆ పాత అక్షరాలే కావాలి" అనే కస్టమర్ కోసం హెడ్డింగు వరకు మీరు కొన్న అనులోనే కొట్టి కర్వ్స్ చేసి వాడుకోండి, హెడ్డింగుని ఎవరూ సెర్చ్ చెయ్యరు కదా.

ఫోటోల పనికి, ఫోటోషాప్ బదులు, గింప్. 2025 మార్చిలో వచ్చిన 3.0తో చాలా మెరుగైంది. పాత పీఎస్‌డీలు (ఫోటోషాప్ ఫైళ్లు) తెరుచుకుంటాయి, టెక్స్ట్ లేయర్లు బొమ్మలైపోతాయి, కొన్ని ఎఫెక్టులు రావు. పాస్‌పోర్ట్ ఫోటోలకి, బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి ఇబ్బంది లేదు. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మామయ్యగారు చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టు నడపొచ్చు. ఈ నెల ఏమీ అవ్వదు. కానీ తెలిసీ దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని ఉంది. వ్యాపారానికి కాకుండా వాడుకుంటే కోర్టు కాస్త తగ్గించొచ్చు గానీ మీది వ్యాపారం. షాపు ఇప్పుడు మీ చేతిలో ఉంది, ఎవరైనా వస్తే జవాబు చెప్పాల్సింది మీరు, మామయ్యగారికి ఈ ఒక్క ముక్క ఆయన కొడుకు చేత చెప్పించండి, మీ తమ్ముడి చేత కాదు. పైగా ఆ దొంగ కాపీలతో పాటు ఏం వైరస్‌లు వచ్చాయో, స్కూలు పరీక్ష పేపర్లు ఉండే సిస్టమ్‌లో అది చిన్న విషయం కాదు.

తమ్ముడి దారిలో రేపే అంతా తుడిచి లైనక్స్ వెయ్యొచ్చు. చట్టం భయం పోతుంది, ఖర్చు లేదు. బాబాయి వెళ్లిపోతాడు, పెళ్లిళ్ల సీజన్‌లో కార్డులు ఎవరు వేస్తారు, తమ్ముడికి సెమిస్టర్ పరీక్షలొస్తాయి. అప్పుడు మీరొక్కరే మిగుల్తారు.

డీలరు దారిలో మూడింటికీ లైసెన్సులు కొంటే బాబాయి ఉంటాడు, చట్టం భయం ఉండదు, అప్పు ఉంటుంది. ఫోటోషాప్ లాంటివి అడోబీ 2013 నుంచి అద్దె పద్ధతిలోనే ఇస్తోంది, కట్టడం ఆపితే ఆగిపోతుంది. స్కూలు సమస్య అలాగే ఉంటుందని పైనే చెప్పాను.

వీటి మధ్యలో ఇంకోటి ఉంది, నేను మీ స్థానంలో ఉంటే దీనివైపే మొగ్గుతాను, కానీ మీ లెక్కలు మీకు తెలుసు. కోరెల్ ఒక్క సిస్టమ్‌కి కొని దాన్ని బాబాయికి ఇచ్చెయ్యడం, శుభలేఖలు, ఫ్లెక్సీలు ఆయన ఇష్టం వచ్చినట్టు అందులో వేస్తాడు, షరతు ఒక్కటే, పని అయ్యాక సీడీఆర్‌తో పాటు పీడీఎఫ్ కూడా ఫోల్డర్‌లో ఉండాలి. దొంగ కాపీలున్న రెండింట్లోనూ అవి తీసేసి, రెండో దాంట్లో లిబ్రేఆఫీస్, స్క్రైబస్, గింప్. మీరు క్వశ్చన్ పేపర్లు మీ చేతిలోకి తీసుకోండి, వచ్చే సావనీరు స్క్రైబస్‌లో వెయ్యండి, దానికి ముందు ఒక ఎనిమిది పేజీల కరపత్రమో ఏదో దాంట్లో చేసి ప్రెస్‌కి పంపి ప్లేటు దాకా వెళ్తుందో లేదో చూస్కోండి. ప్రెస్ వాళ్లు "సీడీఆర్ పంపండి" అంటే పీడీఎఫ్ తీసుకుంటారా అని అడగండి, చాలామంది తీసుకుంటారు, అలవాటు మీద అడుగుతారంతే. ఎక్స్‌పీ సిస్టమ్‌ని నెట్ పీకేసి పాత ఫైళ్లు తియ్యడానికే ఉంచండి, దానికి సపోర్టు 2014లోనే ఆగిపోయింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్‌లో ఆగింది కాబట్టి లైనక్స్ మాట ఎప్పటికైనా వస్తుంది, అప్పటికి బాబాయి కోరెల్ తప్ప మీరు వాడే సాఫ్ట్‌వేర్లన్నీ అక్కడా ఇవే ఉంటాయి, మార్పు పెద్దగా తెలియదు.

బాబాయి దగ్గర మాట్లాడేటప్పుడు సాఫ్ట్‌వేర్ అనే మాటే ఎత్తకండి, కీబోర్డు గురించి మాట్లాడండి. ఆయన అనులో యాపిల్ లేఅవుట్‌లో (కీల అమరిక పేరు) కొడుతుంటే, లైనక్స్‌లో ఐబస్ ఎం17ఎన్ అనే కీబోర్డుల సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తెలుగు యాపిల్ అని అదే లేఅవుట్ యూనికోడ్‌లో ఉంది, ఒత్తులు కొట్టే వరసలో కొద్ది తేడా ఉండొచ్చు. తమ్ముడు లైనక్స్ పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఒక సాయంత్రం చూపించొచ్చు, నాలుగు పేరాలు ఆయన్నే కొట్టమనండి, పక్కన నిలబడి సలహాలు ఇవ్వొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. విండోస్ మీద ఉంటే అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే కీబోర్డు ఏది ఆయన చేతికి సరిపడుతుందో ఆయన్నే ఎంచుకోమనండి. కీబోర్డు, సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఒకేసారి మారిస్తే ఎవరైనా పారిపోతారు. అప్పటికీ వెళ్తానంటే వెళ్లనివ్వాల్సి రావచ్చు, దానికి కూడా మనసులో ఒక లెక్క ఉంచుకోండి, కానీ ఆ శుభలేఖ గొడవ మీద మాత్రం పోనివ్వకండి, ఆ రోజు ఆయన పనిని ఆయన ముందే చెడగొట్టి చూపించినట్టయింది, తమ్ముడి చేత ఒక మాట అనిపిస్తే సరిపోతుంది.

మామయ్యగారికి పని ఇవ్వండి. పాత ఫైళ్లలో ఏది దాచాలో, ఏ పుస్తకం మళ్లీ అచ్చుకొస్తుందో, ఏ ట్రస్టు వాళ్లు ఏటా వస్తారో మీకు గానీ తమ్ముడికి గానీ తెలీదు, ఆయనకే తెలుసు. చూపు తగ్గినా పేర్లు చదివి వినిపిస్తే చెప్తారు. ఆ లిస్టు ఆయన చెప్పి రాయించినదైతే పుట్టింటివాళ్ల పెత్తనం అనే మాట రాదు.

చివర్లో అడిగారు కదా, మార్చి ఇచ్చినందుకు డబ్బులు అడగొచ్చా అని. శుభ్రంగా అడగండి. కొత్త టైపింగుకి పేజీకి ఎంత తీసుకుంటారో దాంట్లో సగానికి అటూ ఇటూగా కన్వర్షను, ప్రూఫు కలిపి ఒక రేటు పెట్టుకుని బోర్డు మీద రాయండి, "పాత అను మేటర్ యూనికోడ్‌లోకి మార్చబడును" అని. స్కూలు వాళ్లకి మాత్రం ఈ ఒక్కసారికి ఊరికే చేసివ్వండి, పాత పేపర్లు ఒక నాలుగు మార్చి, ఫోన్లో తెరిచి చూస్కోమని వాట్సాప్‌లో ఈ వారమే పంపండి, వచ్చే ఏడాది ఆర్డరు ఎవరికివ్వాలో వాళ్లు తేల్చుకునే లోపు.